ఆట ఎవరిది, వేషం ఎవరికి?
చిత్తూరు సీమ భారతం ఆటల మీద ఆడేవాళ్ళ మాట

మా వైపు నాటకానికి పోతావుండాం అని ఎవరూ అనరు. ఆటకు పోతావుండాం అంటారు. పిల్లోళ్ళు గోలీలాడినా ఆటే, కూలికి పొయ్యే మనిషి రాత్రంతా కట్టె కిరీటం పెట్టుకుని అర్జునుడై ఎగిరినా ఆటే. సినిమాకు కూడా మొదటాట, రెండో ఆట అనే కదా అంటాం. ఈ మాటను మేం వూరికే పట్టుకోలేదు. నాటకం అన్నప్పుడు ఆడేవాళ్ళు వేరు, చూసేవాళ్ళు వేరు. ఆట అన్నప్పుడు దిగినవాళ్ళందరూ ఆటగాళ్ళే. మరి దిగనివ్వకుండా గట్టుమీద నిలబెట్టినవాళ్ళను ఏమనాలి? చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో ద్రౌపదీ సమేత ధర్మరాజుల గుళ్ళ దగ్గర జరిగే భారతం గురించి మేం చదివిన రాతల్లో ఈ ప్రశ్న సరిగా కనబడలేదు. అందుకని ఆడేవాళ్ళనే అడుగుదామని బయల్దేరాం.

తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు. పుత్తూరు, నగరి, కార్వేటినగరం, పలమనేరు వైపు ఎండాకాలంలోనూ, ఆ తర్వాతా, ఎక్కువ చోట్ల పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధి నాటకం. అయితే కథ వేదిక మీదే వుండిపోదు. బకాసుర వధ రోజు భీముడు బండెక్కి అన్నం కుండలతో వీధులన్నీ తిరుగుతాడు. అర్జునుడి తపస్సు రోజు వేషగాడు పాడుకుంటూ పొడుగాటి తపస్సు మాను ఎక్కి పైనుంచి నిమ్మకాయలు, పూలు విసురుతాడు. పిల్లల్లేని ఆడవాళ్ళు తడిబట్టల్తో మాను చుట్టూ బోర్లా పడుకుని వుంటారు. దీన్నే వరపడడం అంటారు. చివరిరోజు నేలమీద మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి చుట్టూ భీముడూ దుర్యోధనుడూ పరుగెత్తి పోట్లాడతారు. తొడ పగుల్తుంది, ద్రౌపది జుట్టు ముడేసుకుంటుంది, సాయంత్రం కంకణం కట్టుకుని పసుపు బట్టలేసుకున్నవాళ్ళు నిప్పుల గుండం తొక్కుతారు. అంటే పద్దెనిమిది రోజులు వూరే కురుక్షేత్రం. చెరువుగట్టు, బజారు, బీడు అన్నీ భారతంలోకి వచ్చేస్తాయి. ఏ వీధి ఎంతవరకు వస్తుందన్నదే తకరారు.

ఈ ఆట తెలుగు కావ్యం లోంచి నేరుగా దిగిందని అనుకుంటే పొరపాటు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు ఈ నేలలో చాలాభాగం ఉత్తర ఆర్కాటు. 1960లో సరిహద్దు సర్దినప్పుడు తిరుత్తణి అటు పోయింది, సత్యవేడు ఇటు వచ్చింది. గీత మారింది గానీ ఆట మారలేదు. అక్కడ తెరుక్కూత్తు అన్నది ఇక్కడ వీధి నాటకం. విల్లిపుత్తూరార్ తమిళ భారతమూ, కవిత్రయం భారతమూ మద్దెల దగ్గరకొచ్చేసరికి కలిసిపోతాయి. ఒకే వేషగాడు ఒక దరువు తెలుగులో, ఒక దరువు అరవంలో పాడితే ఎవరికీ వింతగా వుండదు.

1985లో ఫ్రాన్సులో ఆవిన్యోఁ దగ్గర ఒక రాతి క్వారీలో పీటర్ బ్రూక్ తొమ్మిది గంటల మహాభారతం ఆడించినప్పుడు ప్రపంచం దాన్ని గొప్ప ప్రయోగం అంది. జాన్ క్లాడ్ కారియేర్ రాసిన ఆ నాటకాన్ని మన దేశంలో రుస్తుం భరూచా లాంటి విమర్శకులు గట్టిగానే నిలదీశారు. మన కథను తీసుకుపోయి దాని నేల లేకుండా అమ్ముతారా అని. ఆ నిలదీత న్యాయమే. కానీ 'మన' కథ అన్నప్పుడు ఆ 'మన'లో ఎవరున్నారు అనే ప్రశ్న బ్రూక్ దగ్గర కాదు, మా వూరి ధర్మరాజుల గుడి దగ్గర అడగాలి. ద్రౌపది ఆరాధన మీద ఆల్ఫ్ హిల్టెబైటెల్ 1988లో, 1991లో రెండు పెద్ద సంపుటాలు వేశాడు. వాటితో మాకు పేచీ లేదు, చాలా నేర్చుకున్నాం. జానపద కళలంటే మురిసిపోయే మన తెలుగు వ్యాసాలతోనే పేచీ. 'వూరు ఊరంతా కులమతాలకు అతీతంగా పాల్గొంటుంది' అనే వాక్యం ఎన్ని వ్యాసాల్లో చూశామో లెక్కలేదు. ఆ వాక్యం రాసినాయన ఏ వైపు నుంచి చూశాడో, కుర్చీ ఎవరు వేశారో చెప్పడు.

మనవాళ్ళ వైపు ఇంకో రకం చిక్కు. 1996లో కంచ ఐలయ్య గారి ఇంగ్లీషు పుస్తకం 'నేను హిందువు నెట్లయిత?' అని అడిగినప్పుడు, చిన్నప్పుడు తమ ఇళ్ళల్లో ఆ దేవుళ్ళ పేర్లే వినబడలేదన్న మాట మాలాంటి ఎందరినో నిద్ర లేపింది. తన తెలంగాణ వూరి గురించి ఆయన చెప్పింది కాదనలేం. కానీ మా ఆది ఆంధ్రవాడలో భారతం చెవుల్లో పోసుకుంటూ పెరిగాం. మైకు కట్టేది వూరి వేపచెట్టుకే అయినా గొట్టం మా వైపు తిరిగి వుండేది. మాకు అక్షరాలు రాకముందే ఐదుగురు పాండవుల పేర్లొచ్చు. మా ఇంట్లో మొదట యూనివర్సిటీ మెట్లెక్కిన మేం అక్కడ పుస్తకాల్లో భారతం చూసినప్పుడు కొత్తగా అనిపించలేదు, దగ్గరగా అనిపించింది. అది బ్రాహ్మణీయ భావజాలం అని మాకు తెలుసు, క్లాసులో చెప్పి మార్కులు కూడా తెచ్చుకున్నాం. అయినా మద్దెల మోగితే కాలు కదుల్తుంది. ఈ కదలడాన్ని ఏం చేద్దాం? 'భావజాలానికి లోబడ్డారు' అని ఒక ముక్క రాసేస్తే మా నాయన లోబడ్డవాడు, మా మేనమామ లోబడ్డవాడు అయిపోతారు. అంత తేలిగ్గా తేలే విషయం కాదిది.

మేం మొదట పోయింది ప్రశ్నావళి పట్టుకుని. అందులో మొదటి ప్రశ్న ఏకలవ్యుడి మీద. ఎందుకంటే 'చిక్కనవుతున్న పాట' వచ్చిన 1995 నాటి నుంచీ మన కవిత్వం మాకు నేర్పిన భారతం అది. శంబూకుడి తల, ఏకలవ్యుడి బొటనవేలు. నన్నయ ఆదిపర్వంలో వున్న కథే కదా, ఆటగాళ్ళు ఏదో ఒకటి చెప్తారనుకున్నాం. నలభై ఏళ్ళుగా వేషం కడుతున్న ఒక పెద్దాయన, వాడ మనిషే, బీడీ ఆర్పి మా మొహం చూశాడు.

"ఆ ఆట మాకు లేదు నాయినా. ఏలు కోసిచ్చినోడి ఆట రేత్రంతా కూచోని ఎవురు చూస్తారు? ఇంట్లో చూస్తానే వుండాం గదా."

ప్రశ్నావళి మడిచి సంచిలో పెట్టుకున్నాం. తర్వాత దాన్ని తియ్యలేదు. మేం చూసిన రాత్రుల్లో ద్రౌపదీ కల్యాణం వుంది, సుభద్ర పెళ్ళి వుంది, రాజసూయం, జూదం, వస్త్రాపహరణం, తపస్సు, కీచక వధ, కృష్ణ రాయబారం, పద్మవ్యూహం, కర్ణమోక్షం వున్నాయి. ఏకలవ్యుడు లేడు. దీన్ని అగ్రవర్ణాల కుట్ర అని రాయబోయాం కూడా. కానీ పెద్దాయన మాట అడ్డం పడింది. ఓడిపోయిన మనవాణ్ణి చూసి మన కవులు ఏడ్చారు, కోపగించారు. వాడలో ఆటగాడికి కావలసింది అది కాదు. ఆ ఒక్క రాత్రి ఏమి కాగలను అన్నదే అతని లెక్క.

ఆ లెక్కలో కర్ణుడిది పైచెయ్యి. మేం మాట్లాడిన వాడ ఆటగాళ్ళలో కర్ణుడి వేషం కోరుకోని మనిషి అరుదు. మాకు వెంటనే కారణం తోచింది. సూతపుత్రుడు కదా, నిండు సభలో నీ కులమేమని అడిగించుకున్నవాడు కదా, ఆ అవమానమే మనవాళ్ళను లాగుతుందని. ఆ మాటే అంటే ఒకతను తల వూపాడు గానీ ఒప్పుకోలేదు. అతను చెప్పిన కారణం వేరు. కర్ణుడు ఇచ్చేవాడు. కవచం అడిగితే కోసిచ్చాడు, చావబోతూ పుణ్యం కూడా ధారపోశాడు. "ఆ ఒక్క రేత్రి మనం ఇచ్చేవోళ్ళం సార్. తెల్లారితే పళ్ళెం ఎత్తుకోని ఇంటింటికీ పొయ్యేది మనమే." తెల్లవారాక వేషం పూర్తిగా తుడుచుకోకుండానే బియ్యానికీ చిల్లరకూ ఇంటింటికీ తిరగడం జట్లలో ఇంకా వుంది. ఇవ్వడం అనే సుఖం జీవితంలో ఎరగని వాడికి దాన కర్ణుడి వేషం అంటే ఏమిటో మన విమర్శ పుస్తకాల్లో ఎక్కడా చదవలేదు. అందులో మోసం కూడా వుందని మాకు తెలుసు. ఉన్నదంతా ఇచ్చి చచ్చిపోవడమే గొప్పతనమని లేనివాడికి నేర్పే కథ ఎవరికి పనికొస్తుంది? ఈ మాట అతనితో అన్లేదు. అనాల్సింది, నోరు రాలేదు.

ఇక దుర్యోధనుడు. ఇక్కడ సినిమా వచ్చి కూచుంది. 1977లో ఎన్టీ రామారావు కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడూ తానే వేసి, తానే తీసిన 'దానవీరశూర కర్ణ'కు కొండవీటి వెంకటకవి మాటలు రాశారు. కుమారాస్త్ర విద్యా ప్రదర్శనలో కులం అడ్డం పెట్టినప్పుడు దుర్యోధనుడు తిరగబడి పెద్దల పుట్టుకలన్నీ విప్పిచెప్పే ఘట్టం తెలుగువాళ్ళందరికీ కంఠస్థం. మా వైపు దుర్యోధన వేషగాడు ఆ మాటలన్నీ తన ఆటలోకి తెచ్చేసుకున్నాడు. పాత వీధి నాటకం దరువుల మధ్య ఆ గ్రాంథిక వచనం గట్టిగా, తప్పుల్తో, రొప్పుతూ చెప్తాడు. అప్పుడు లేచే ఈలలున్నాయే, పద్దెనిమిది రాత్రుల్లో అంత గట్టివి మళ్ళీ వినబడవు. వాడ వైపు నుంచి లేస్తాయి. అది అర్థమవుతుంది. వూరి వైపు నుంచీ అంతే గట్టిగా లేస్తాయి! మేం మొదట దీన్ని చూసి ఆశపడ్డాం, సాహిత్యం మనుషుల్ని మారుస్తుందని అంటారే, ఇదేనేమో అని. తర్వాత తెలిసింది. కులం మీద తిట్టు వినబడితే ప్రతివాడూ తన పైవాడికి తగిలిందనుకుంటాడు. రెడ్డి బ్రాహ్మణుడి మీద ఈలేస్తాడు, వెనకబడిన కులం వాడు రెడ్డి మీద, నాయుడి మీద ఈలేస్తాడు. తన కిందివాడు వేసే ఈల తనమీదేనని ఎవడూ అనుకోడు. ఇందువల్లనే ఆ మాటలు ఇన్నేళ్ళుగా ఏ గొడవా లేకుండా చెల్లుబాటవుతున్నాయని మా అనుమానం. విలువిద్యలో కులమేమిటని ఈలలేసిన చేతులే పొద్దున టీ అంగట్లో గ్లాసులు వేరుగా పెట్టిన రోజులు మా చిన్నప్పుడు మేం చూసినవే.

అంత ఈలలేయించుకున్న దుర్యోధనుణ్ణే చివరిరోజు పడుకోబెట్టి చంపుతారు. మట్టిబొమ్మ మీసాలు, పెద్ద కళ్ళు, రంగు కిరీటం. తొడ దగ్గర ఎర్ర నీళ్ళు. ఆడవాళ్ళు చీపుర్లతో కొడతారు, భీముడి దెబ్బ పడగానే జనం ఎగబడి ఆ మట్టి ఇంటికి తీసుకుపోతారు, మంచి జరుగుతుందని. మాకు తెలిసిన ఒక వూళ్ళో ఆ బొమ్మకు మట్టి చెరువు నుంచి మోసేది మా వాడ. అది మా నాయన కాలంలో వెట్టి, ఇప్పుడు కూలి ఇస్తారు. బొమ్మకు పోలిక దిద్దేది వేరే చెయ్యి. కళ్ళు తెరిచి పూజ చేశాక మట్టి మోసినవాళ్ళు గట్టుమీదికి పోవాలి. పలక కొట్టేవాళ్ళు కూడా దూరంగానే, కానీ మోత మాత్రం దగ్గరగా వినబడాలి. మా నాయన ఆ గట్టుమీదే ముప్పై ఏళ్ళు పలక కొట్టాడు. దుర్యోధనుడి మొహం ఎట్లా వుంటుందో దగ్గర్నుంచి చూడలేదని, కాళ్ళ వైపునుంచి మాత్రం చూశానని చెప్పేవాడు. ఏడవలేదు చెప్పేటప్పుడు, నవ్వాడు.

మా మేనమామ కథ ఇంకో రకం. ఆయన అర్జునుడి వేషానికి సరిహద్దుకు అటూ ఇటూ పేరున్నవాడు. పొరుగు వూళ్ళల్లో తపస్సు మాను ఎక్కాడు, ఆయన విసిరిన నిమ్మకాయ కోసం ఆడవాళ్ళు కొంగులు పట్టారు. ఆ ఆడవాళ్ళ కులమేదో ఆయన అడగలేదు, ఆయన కులమేదో వాళ్ళకు తెలీదు. సొంత వూళ్ళో మాత్రం తెలుసు! తపస్సు మాను ఎక్కేవాడు గుళ్ళో కంకణం కట్టుకోవాలి, ఒక్కపొద్దుండాలి, గుళ్ళోనే పడుకోవాలి, 'ఆచారం' కదా. గుళ్ళోకి రావద్దని అక్కడ బోర్డేమీ లేదు. వద్దని నోటితో అన్నవాళ్ళూ లేరు. వేషాలు పంచే రోజు మాత్రం ఆయనకు బపూను వేషం వస్తుంది. బాగా నవ్విస్తావు కదరా అంటారు. అంతే.

ఇది మా ఒక్క వూరి సంగతి, మీ వూళ్ళో అట్లా లేదేమో అనేవాళ్ళుంటారు. మంచిదే. కానీ ఇదే ధర్మరాజు, ఇదే ద్రౌపది వున్న గుడి తమిళనాడులో విళుప్పురం జిల్లా మేల్పాదిలో ఏమైంది? 2023 ఏప్రిల్‌లో ఉత్సవంలో దళితులు గుళ్ళోకి పోతే కొట్టి పంపారు. శాంతి చర్చలు కుదరక, జూన్ 7న రెవెన్యూ అధికారులు గుడికి సీలు వేశారు. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మార్చిలో పూజ కోసమే తెరిచారు. దళితులు పోలీసు కాపలా మధ్య లోపలికి పోయింది 2025 ఏప్రిల్‌లో. గుడి ప్రవేశానికి మద్రాసు రాష్ట్రం చట్టం చేసింది 1947లో, మా చిత్తూరు కూడా అప్పుడు ఆ రాష్ట్రమే. లెక్కేసుకోండి, ఎన్నేళ్ళో. అక్కడ అడ్డం నిలబడింది బ్రాహ్మణులు కాదు, వన్నియార్లు. నిప్పులో పుట్టిన ద్రౌపదితో చుట్టరికం చెప్పుకుని, తమదీ అగ్నికులమని నిలబడ్డ వెనకబడిన కులం. దళిత బహుజన ఐక్యత అని రోజూ రాసే మనం ఈ నిజాన్ని పక్కన పెట్టి భారతం మీద విమర్శ రాయలేం. పుస్తకంలో మనుధర్మం వెతకడం సుళువు, పక్క వీధిలో వెతకడమే కష్టం.

వేషం మాట వచ్చింది కాబట్టి తిరుపతి దాకా పోయి రావాలి. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో రోజుకొక వేషం. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపుకుండలు. పాలెగాణ్ణి వెతుక్కుంటూ గంగమ్మ వేసిన వేషాలు ఇవి, జనం మొక్కుకుని వేస్తారు. అందులో తోటి వేషం చూడండి. తోటి అంటే ఎవరు? వూరికి కావలి, కబురు, చావు చాటింపు, అన్నిటికీ నిలబడిన దళితుడు. ఆ వేషానికి ఒళ్ళంతా బొగ్గు పూసుకుంటారు. దొరకు మాత్రం చందనం! వేషం వేసినవాడికి ఆ రోజు బూతులు తిట్టే హక్కుంటుంది. మొక్కు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. మొక్కినవాళ్ళ భక్తిని మేం ఎగతాళి చెయ్యడం లేదు, మా ఇళ్ళల్లోనూ గంగమ్మకు మొక్కేవాళ్ళున్నారు. మేం చెప్పదలచింది వేరు. వూరికి మన వేషం కావాలి, ఒక పూట నల్లగా వుండి నోరు పారేసుకోడానికి. సాయంత్రం స్నానం చేస్తే పోతుంది. వాళ్ళ వేషం, అర్జునుడిది, మనకివ్వడానికి మాత్రం ఆచారం అడ్డం. 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో ఒక సెక్షను వుంది. ఎస్సీ ఎస్టీలను బట్టలూడదీసి గానీ, మొహానికో ఒంటికో రంగు పూసి గానీ ఊరేగిస్తే నేరం. ఆ సెక్షను చదివినప్పుడల్లా మాకు వేషాలే గుర్తొస్తాయి. రంగు తాను పూసుకుంటే ఆట. మనిషిని పట్టుకుని పూస్తే నేరం. మధ్యలో వున్న సందు చాలా సన్నం.

అదే సెక్షనులో వున్న మొదటి మాట, బట్టలూడదీయడం, మమ్మల్ని ఇంకో రాత్రి దగ్గరికి తీసుకుపోతుంది. వస్త్రాపహరణం ఆడే ముందు జట్టువాళ్ళు కర్పూరం వెలిగించి ద్రౌపదికి దండం పెట్టి తప్పు కాయమంటారు. ద్రౌపది వేషంలో మగవాడే వుంటాడు. అయినా దుశ్శాసనుడి చెయ్యి చీర మీద పడగానే ఆడవాళ్ళలో పూనకాలొస్తాయి, వేషగాళ్ళకే పూనకం వచ్చి ఆట ఆగిపోవడమూ వుంది. ఈ రాత్రి గురించి జానపద పరిశోధకులు చాలా రాశారు, శక్తి అని, మాతృదేవత అని. మేం వాడ ఆడవాళ్ళ దగ్గర కూచుని చూశాం. పూనకం వచ్చిందెక్కువ వూరి వైపు. మనవాళ్ళలో చాలామంది కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కదలకుండా చూశారు. నాటు వేసి వేసి నడుం వంగిపోయిన ఒక అవ్వ పక్కనున్న మనవరాలితో అన్న మాట మాకు వినబడింది. "ఆయమ్మకు కిట్నుడు చీరలిచ్చినాడు మే. సబలో వుండే పెద్దోళ్ళు మాత్తరం అప్పుడూ తల వంచుకోనే వుండారు, ఇప్పుడూ అంతే." అవ్వ ఏ 'అప్పుడు' గురించి, ఏ 'ఇప్పుడు' గురించి అన్నదో మేం అడగలేదు. మనవరాలు కూడా అడగలేదు. దాని అర్థం ఆ పిల్లకు ముందే తెలుసనుకుంటాం.

వ్యాసకర్తగా మా అభిప్రాయం దాచుకోవడం లేదు. ఈ రాత్రే భారతం ఆటల్లో అన్నిటికన్నా నిజమైన రాత్రి. ఎందుకంటే ఇక్కడ ప్రేక్షకులు కౌరవ సభ అయిపోతారు. వూరి పెద్దలు ముందు వరస కుర్చీల్లో వుంటారు, భీష్ముడూ ద్రోణుడూ కూచున్నట్టే. వేషగాడు వాళ్ళ వైపు తిరిగే 'పెద్దలారా న్యాయం చెప్పండి' అనడుగుతాడు. ఆట రాసినవాడు అనుకుని పెట్టాడో లేదో గానీ ఆ ప్రశ్న వేదిక దాటి వస్తుంది. ముందు వరసలో ఎవరూ జవాబు చెప్పరు. జవాబు చెప్పకపోవడం ఆటలో భాగమే కదా!

వాడ కుర్రాళ్ళ సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. డిగ్రీ చదివినవాళ్ళు, కొందరు మాకంటే బాగా చదివినవాళ్ళు, పలక కొట్టడం మానేయమని, వేషాలు మానేయమని పెద్దవాళ్ళతో కొట్లాడుతున్నారు. వాళ్ళ వాదన బలమైంది. అంబేడ్కర్ 1930లో నాసిక్‌లో కాలారామ్ గుడి ముందు సత్యాగ్రహం మొదలుపెట్టి, 1935లో యేవలాలో ఆ దారే వదిలేశాడు. ఆయన వదిలిన గుమ్మం దగ్గర తొంభై ఏళ్ళ తర్వాత కూడా మన బపూను ఎందుకు నిలబడాలి? మా మేనమామకు ఈ వాదన తెలుసు. ఆయన జవాబు వాదనలా వుండదు. "ఆట మాందిరా. గుడి వాళ్ళది. రెండూ ఒకటేనని నీకెవురు జెప్పిరి?" అంటాడు. మద్దెల మీద వేసే అడుగు, దరువు ఎత్తుకునే గొంతు, అరదళం పూసే చెయ్యి, ఇవన్నీ తన గురువు దగ్గర నేర్చుకున్నవి, ఆ గురువు కూడా వాడ మనిషే. ఈ విద్యను వదులుకొమ్మనడం అంటే వేలు కోసిమ్మని అడగడమేనని ఆయన నోటితో అన్లేదు. మేమే అనుకున్నాం. ఏకలవ్యుడు ఆటలో లేడని ఇంతకుముందు రాశాం, లేకపోవడం కాదేమో.

పోయినేడు ఏప్రిల్ 14కు వాడలో ఒక ఆలోచన పుట్టింది. అంబేడ్కర్ విగ్రహం ముందు మనమే అర్జున తపస్సు ఆడదాం, మాను మనమే నాటుదాం, మేనమామ ఎక్కుతాడు అని. గుడి జెండా ఎత్తకుండా భారతం ఆడితే అరిష్టమని కొందరు ముసలివాళ్ళు వద్దన్నారు. అంబేడ్కర్ ముందు ఆ భారతమే ఎందుకని కొందరు కుర్రాళ్ళూ వద్దన్నారు. మేం రెండో పక్షం. ఆ మాట మీటింగులో చెప్పాం కూడా. మేనమామ ఎవరికీ జవాబు చెప్పలేదు. అరవై దాటిన మనిషి, పొద్దున్నే లేచి చెరువు గట్టు మీద తాటిమానులు చూసుకుంటూ నడిచాడు, వెనక ఇద్దరు కుర్రాళ్ళు. నిటారుగా, గట్టిగా వున్న మాను ఒకటి కుదిరింది, బేరం కూడా అయిపోయింది. నాటడానికి వాడలో అంత ఖాళీ చోటు ఎక్కడుందన్నది ఇంకా తేలలేదు. విగ్రహం ముందున్నది పద్దెనిమిది అడుగుల రస్తా. పక్కనున్న పోరంబోకు వూరిదంటున్నారు.